గొర్రెల కాపరుల పెళ్ళి

ఐర్లండ్ పడమటి తీరంలో ఒక చిన్న ఊరి లైబ్రరీ. వాన పడుతున్న ఉదయం. బల్లకు ఇటు పిల్లలకు కథలు చదివి వినిపించే కహల్, అటు బొమ్మల పుస్తకం పట్టుకున్న మిసెస్ డర్కన్.

“లాగకు. విడిపోదు.”

“జామ్ ఏమైనా ఒలికిందా, మిసెస్ డర్కన్? కాస్త ఆవిరి పట్టిస్తే—”

“జామ్ కాదు. జిగురు.”

“మీ మనవరాలి పనా? ఐదేళ్ళ పిల్ల, పోనివ్వండి. మేం ఇంతకన్నా ఘోరాలు చూశాం.”

“ఓర్లాని ఎందుకంటావ్? నేనే.”

“మీరా?”

“నేనే. కళ్ళజోడు పెట్టుకుని, కూర్చుని అంటించాను.”

“చివరి పేజీలు మాత్రమే.”

“అవే.”

“పెళ్ళి పేజీలు.”

“పెళ్ళని పిల్ల చెప్పింది. నేను చూళ్ళేదు. పొగమంచులో ఆ కాపరి టామ్ గొర్రె తప్పిపోయింది, ఇంకో కాపరి మార్టీ వెతికి తెచ్చాడు. మంచిపనే. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని టీ తాగారు. సరే, చలి. ఆ తర్వాత మార్టీ మోకాలి మీద కూర్చుని ఉంగరం తీశాడు. అక్కడ మూసేశాను.”

“స్కూలు జిగురైతే తడిబట్టతో—”

“బూటు అడుగులు అంటించేది. మా ఆయన పోయాక డబ్బా అలాగే ఉంది. చేసే పనేదో గట్టిగా చేయాలి కదా.”

“గట్టిగానే చేశారు.”

“నీకు కోపం రాదా?”

“నేనిక్కడ ఉద్యోగం చేస్తున్నానండీ, కోపం కుదరదు. అయితే పుస్తకం మీద ఫిర్యాదుకి వచ్చారన్నమాట. మీరేం మొదటివారు కాదు. మొన్నొకాయన వచ్చి, ఆ గొర్రెలకి మన కొండ గొర్రెల్లా మూతి నల్లగా ఉండాలని గొడవ చేశాడు.”

“ఉండాలి మరి. పెళ్ళి గురించి ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“గొర్రెల గురించేనా?”

“గొర్రెల గురించే. అసలు ఓర్లా ఈ పుస్తకమే ఎందుకు కావాలందో మీకు—”

“అది నిన్నడగలేదు, నాయనా.”

“సరే.”

“పడుకోబోతూ చదవమంది. పేజీ తిరగలేదు. ‘తర్వాతేమైంది అమ్మమ్మా?’ అంది. ఏమవుతుంది, ఇద్దరూ గొర్రెల్ని కలిపేసుకుని ఒకే ఇంట్లో హాయిగా ఉన్నారన్నాను.”

“బాగుందే.”

“ఏం బాగు? ‘పెళ్ళి చేసుకోకుండానా?’ అంది.”

“అంటుంది.”

“‘పెళ్ళి కాకుండా ఒకే ఇంట్లో ఉంటే పాపమని నువ్వే అమ్మతో అన్నావుగా’ అంది. అన్నాను. అది పుట్టకముందు అన్నాను. ఎవరు వేశారో దాని చెవిన.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? దీపం ఆర్పేసి పడుకోమన్నాను. ఈ ఊరి పిల్లలందరికీ చర్చిలో పాఠాలు చెప్పినదాన్ని. నీకూ చెప్పాను. అలాంటిదాన్ని, అమాయకులు ఇద్దర్ని పాపంలోకి దింపాను. నా జిగురుతో.”

“క్షమించండి, దగ్గొచ్చింది.”

“నవ్వావా?”

“లేదండీ.”

“నవ్వితే మీ నాయనమ్మతో చెబుతాను.”

“నవ్వలేదండీ. కొత్తది తెప్పిస్తాను. మీరు దిగులు పడకండి.”

“ఎప్పటికి వస్తుంది?”

“నెలాఖరుకి.”

“పనికిరాదు. శుక్రవారం లోపల కావాలి.”

“శుక్రవారమేంటి?”

“ఏదో ఒక వారం. ఆవిరి అన్నావుగా, పట్టించు.”

“బూటు జిగురుకి ఆవిరి ఏ మూలకండీ. లాగితే బొమ్మ చిరుగుతుంది. కానీ నాకు కంఠతా వచ్చు. పిల్లలు మళ్ళీ మళ్ళీ చదివిస్తారు. చెప్పమంటారా?”

“చెప్పు. రాత వద్దు. బొమ్మలో ఏముందో చెప్పు.”

“కొండ మీద గుడారం. టామ్, మార్టీ కొత్త కోట్లు వేసుకున్నారు. కుక్క మెడలో రిబ్బను. గొర్రెలు—”

“గొర్రెల్ని వదిలెయ్. మనుషులు.”

“ఇరుగుపొరుగు ఉన్నారు. వయొలిన్ వాయించే ఆవిడ. టామ్ చెల్లెలు, చంకలో బిడ్డ.”

“చర్చి ఫాదర్?”

“లేరండీ.”

“అనుకున్నాను. టామ్ తల్లి?”

“ఉంది. ఎడమ పక్క, బల్ల దగ్గర.”

“ఏం చేస్తోంది?”

“ఏమీ చేయట్లేదు.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఏడుస్తోందా?”

“లేదు.”

“లేచి నలుగురిలో ఏమైనా చెబుతోందా? పెళ్ళిళ్ళలో అమ్మలు కూడా చెబుతారట కదా, ఈమధ్య.”

“లేదండీ. కేకు తింటోంది.”

“కేకు.”

“నోటి నిండా. ఒక బుగ్గ ఉబ్బి ఉంటుంది. పిల్లలు అక్కడ నవ్వుతారు.”

“మరి ఆ రెండోవాడు? మార్టీ? అతనితో ఏం మాట్లాడుతోంది?”

“నోట్లో కేకుంటే ఏం మాట్లాడుతుందండీ. అతను ఇంకో ముక్క ఇస్తున్నాడు.”

“తీసుకుందా?”

“చెయ్యి చాపింది.”

“తర్వాత?”

“తర్వాతేం లేదు. పుస్తకం అయిపోయింది.”

“అంతేనా?”

“అంతే.”

“అంతే అయితే... కేకు తినడం నాకూ వచ్చు.”

“అర్థం కాలేదు, మిసెస్ డర్కన్.”

“శనివారం పొద్దున గాల్వే బస్సు ఎన్నింటికో ఆ కంప్యూటర్లో చూడు, నాయనా. మా అబ్బాయి ఫింటన్ తన పెళ్ళికి రమ్మని ఈస్టరప్పుడే పిలిచాడు, నేనే ఇంతవరకూ ఉలకలేదు పలకలేదు. వాడికీ ఒక మార్టీ దొరికాడు.”