నీలి ఇన్‌స్పెక్టర్‌కి ఎదురు

నర్సీపట్నం పోలీసు క్వార్టర్స్‌లో హెడ్ కానిస్టేబుల్ ఉదయం డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు. టీవీలో వేరే గ్రహం మీద, రెండు చందమామల కింద, నీలి ఒంటి ఇన్‌స్పెక్టర్ దొంగల వేటకు బయలుదేరుతున్నాడు. ఇంట్లో మనిషి గడప దాటుతుంటే శకునానికి వచ్చినట్టు, భార్య నీళ్ల చెంబుతో వెళ్లి టీవీకి ఎదురుగా నిలబడింది. హెడ్ కానిస్టేబుల్ కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది.

“ఏటే అది? ఆడికి ఎదురొత్తన్నావేటి?”

“పాపం, ఒక్కడే ఎల్తన్నాడండీ. సకునం బాగుండాలి కదా.”

“నాలుగు సేతులున్నోడికి సకునమెందుకే? తాళి కట్టినోడిని, నాకు ఎదురొచ్చి ఎన్నాళ్లయింది?”

“రోజూ వత్తన్నాను. నిన్న గేటు కాడే నిలబడ్డాను. మీరు ఫోను సూసుకుంటా నా పక్కనించే ఎలిపోనారు.”

“ఆడు మాత్రం సూసినాడేటి?”

“బండెక్కే ముందు తలెత్తి ఇటే సూత్తాడండీ. ఒక్కపాలి కూడా మర్సిపోడు.”

అతను టోపీ లాక్కుని విసవిసా గేటు దాకా వెళ్లాడు. అక్కణ్ణించి వెనక్కి వచ్చాడు.

“అయ్యో, బయల్దేరి ఎనక్కొచ్చేసేరేటండీ! కూకుని మంచినీళ్లు తాగి ఎల్లండి.”

కూర్చున్నాడు. చెంబెడు నీళ్లూ తాగాడు. ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు ఎదురు రా. సూత్తాను.”

ఆవిడ నవ్వు దాచుకుంటూ గేటు వైపు కదిలింది.

“ఆగు. ముందు ఆ టీవీ కట్టెయ్.”

“ఎందుకండీ?”

“ఆడు సూత్తన్నాడు.”