మందు పిప్పి

ఛీ ఛీ! తలుచుకుంటేనే అసహ్యమండీ. వారం నుంచీ మీ ఫోటో ముందు అగరొత్తి వెలిగిస్తున్నానే గానీ, మీ మొహంలోకి చూడలేకపోతున్నాను. ఇవాళ చెప్పేస్తాను, వినండి.

వానపామండీ! నా మందులో వానపాము!

చలి మొదలైతే నా కాళ్ళలో నెత్తురు సరిగ్గా పారదని మీకు తెలుసుగా. ఈసారి ఎడమ కాలి వేళ్ళు వంకాయ రంగుకొచ్చేశాయి. ప్యాన్ అని మన వీధి వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి, "నెత్తురు నిలిచిపోయిందమ్మా, అశ్రద్ధ చేస్తే వేళ్ళు దక్కవు" అన్నాడు. పొట్లాలు కట్టిచ్చాడు. మన కోడలు యాచిన్ రోజూ మట్టికుండలో కాచి, వడగట్టి ఇస్తోంది. ఏవో వేర్లు, కుసుమపూలు అనుకున్నాను.

మూడో రోజు పిప్పి నేనే వీధిలో పోశాను. పదిమంది తొక్కితే రోగం వాళ్ళ చెప్పుల వెంట పోతుందని మీ అమ్మగారు నేర్పిందే కదా. అందరి కాళ్ళ కిందా పడాలని పుల్లతో పరుస్తున్నాను. అబ్బ! అదే, ఆ వానపాము! చీరి ఎండబెట్టిందేమో, ఉడికి ఉబ్బి, పేలికలా పుల్లకి చుట్టుకుంది. గోడ పట్టుకుని అక్కడే కక్కేశాను.

మీరు పోయినప్పుడు మీ ఆత్మ కోసమే కదండీ గ్వాన్‌యిన్ అమ్మవారికి నీసు ముట్టనని మొక్కుకున్నాను? పదకొండేళ్ళు! నీసు సరే, పందికొవ్వు తగిలిన గరిటె కూడా ముట్టలేదు. అదంతా ఒక్క పురుగుతో పోయె!

కోడల్ని కడిగేద్దామని వంటింటి దాకా వెళ్ళాను. లోపల యాచిన్ మన అబ్బాయితో అంటోంది:

"నోరు జారావో, చూడు! మీ అమ్మగారి అమ్మవారు ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటుందిగా, చూడదులే. చూసిందా, ఆ పాపం నా పేర రాసుకోమను. అత్తయ్య వేళ్ళు నిలిస్తే చాలు."

చప్పుడు కాకుండా వెనక్కొచ్చేశాను.

మానేశాననుకుంటున్నారు కదూ?

ఇవాళ తొమ్మిదో గిన్నె. వేళ్ళు ఎర్రబడ్డాయండీ, దుప్పటి తగిలితే తెలుస్తోంది. ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపుతున్నాను. పాపం ఆ పిల్ల నెత్తిన, వెచ్చదనం నా కాళ్ళలో. పొద్దున "ఎలా ఉందత్తయ్యా?" అంది. "చేదు" అన్నాను. ఆ ఒక్క ముక్కే.

అది అటు తిరగ్గానే, ఛీ, గిన్నె అడుగున మిగిలిందాన్ని వేలితో తుడుచుకుని నాకాను.