ఐసు పెట్టె పక్కన

మే నెల. గిద్దలూరులో పొద్దు నడినెత్తికి వస్తోంది. కిరాణా దుకాణం జగన్నాథం వడదెబ్బకు పోయి, నిన్నటి నుంచి తన ఇంటి నడవలోనే ఐసు పెట్టెలో ఉన్నాడు. ఆయన భార్య కోటిరత్నం ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, లేవనంటోంది. మరిది సంజీవరావు చెప్పి చూశాడు. కొడుకు పవన్ చెప్పి చూశాడు. పంతులుగారి వంతూ అయింది. ఇక మిగిలింది కూతురు నాగజ్యోతి. అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"మొగోళ్ళంతా ఎండలో నిలబడి ఉన్నారమ్మా. చిన్నాయన తలకు తడి తువ్వాల చుట్టుకొని అరుగు మీద కూలబడినాడు. ఇంక లే."

"లోపలికి వచ్చి కూచోమను. ఇక్కడ చల్లగా ఉంది."

"అమ్మా."

"ఉన్నమాటే చెప్తా ఉన్నా. పొద్దున్నుంచీ పలకరించను వచ్చినోళ్ళెవరూ ఈ నడవ ఇడిచి పోవడం లేదు. పక్కింటి విజయలక్ష్మి ఏడ్చి ఏడ్చి ఈ పెట్టెకానుకొనే ఇంత కునుకు తీసింది. నేనేమీ అనలేదు. ఎవరికైనా అంతే గదా, ఈ ఎండలకు."

"సరే. ఇప్పుడు ఎవరూ లేరు, నువ్వూ నేనే. ఎందుకు లేవవో చెప్పు."

"మీ చిన్నాయనకు చెప్పినా."

"నాకు చెప్పు."

"కాల్చనియ్యను."

"మనిళ్ళల్లో పూడ్చడం ఎక్కడుందమ్మా? తాతను, జేజిని, అందర్నీ..."

"వాళ్ళు ఎండకు పోలేదు."

"అయితే?"

"అయితే ఏంది? మీ నాయన ఈ ఇంట్లోనే, ఈ బండల మీదే కాలి కాలి పోయినాడు. కాలినోణ్ణి మళ్ళా కాలుస్తారా?"

"నలుగురూ ఏమనుకుంటారోనని చిన్నాయన..."

"ఆ నలుగురూ వచ్చి ఒక్క పూటన్నా విసిరినారా?"

"నేను మార్కాపురం నుంచి వచ్చినప్పుడల్లా బాగానే ఉన్నాలే అనేవాడమ్మా నాయన."

"నీ ముందర అట్లనే అనేవాడు. నువ్వు బస్సెక్కినావో లేదో, చొక్కా ఇప్పి పారేసి బండల మీద పడేవాడు. ఆ బండలేమన్నా చల్లగా ఉన్నాయా? మిద్దె మీద నీళ్ళు పోస్తే పొగలొచ్చినాయి. కిటికీలకు గోనెపట్టాలు తడిపి కట్టినా. అట్ల కట్టి ఇట్ల తిరిగేలోపల ఎండి అట్టలైపోయినాయి. కూలరు పెడదామంటే దాంట్లో పొయ్యడానికి నీళ్ళేవి? బోరు ఎండిపోయి ఎన్నాళ్ళాయ. ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలవు."

"పవన్ ఏసీ పెట్టిస్తానన్నాడు గదా."

"అన్నాడు. కరెంటాయన వచ్చి చూసినాడు. ఈ పాత వైర్లు తట్టుకోవు, ఇల్లంతా మార్చాల అన్నాడు. వానలు పడినాక చూద్దాంలే అన్నాడు మీ నాయన. ఆయన మాటే అది. వానలు పడినాక."

"ఏడవద్దమ్మా."

"ఏడవడం లేదు. చివర్లో ఒకటే మాట. 'రత్నం, యాడన్నా చల్లగా పండుకోబెట్టవే.' మజ్జిగిస్తే వద్దు. విసిరితే వేడిగాలి కొడతా ఉంది, ఆపు అనేవాడు. నీళ్ళ కుండ కింద తడి ఇసుక ఉంటుంది చూడు? కుండ పక్కకు జరిపి, ఆ ఇసుకలో తల పెట్టుకున్నాడు జ్యోతీ. అంత దుకాణం నడిపిన మనిషి."

"నాకు ఫోను చేసి ఉంటే..."

"చేస్తే నువ్వేం చేస్తావు? మీ ఇంట్లో మాత్రం ఏముంది, అదే రేకుల కొట్టం గదా. ఇటు చూడు, మొహం చూడు. ఎంత నెమ్మదిగా ఉందో. ఈ ఎండాకాలానికి ఇప్పుడు చల్లబడినాడు. ఇట్లాంటోణ్ణి తీసకపోయి కట్టెల మీద పెడతారా? పవనుకు చేతులెట్ల వస్తాయి?"

"వాడికి మాత్రం ఇష్టమా అమ్మా?"

"మన్నులో పెట్టమను. లోపల మన్ను చల్లగా ఉంటుంది. ఆకులేసి, నీళ్ళు చల్లి... ఉండండి, చెప్తా ఉన్నా గదా."

"ఎవరితో?"

"ఎవరితో ఏంది?"

"ఉండండి అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. పెట్టె పక్కకు తిరిగి."

"అద్దం మీద చెమ్మ పట్టింది. ఆ గుడ్డ ఇట్లియ్యి."

"మాట మార్చొద్దమ్మా. రాత్రంతా మాట్లాడతానే ఉన్నావంట. పవన్ పెళ్ళాం అంజలి చెప్పింది."

"దానికేం తెలుసు, నిద్రపోయింది గదా."

"ఏం మాట్లాడినావు?"

"ఇన్నేళ్ళు కాపురం చేసినోళ్ళకు మాటలే ఉండవా? ట్యాంకరు రాలేదని చెప్పినా. నువ్వు వచ్చినావని చెప్పినా."

"నాయన ఏమన్నాడు?"

"పోయినోళ్ళు మాట్లాడతారా జ్యోతీ? చదువుకున్నదానివి."

"అక్కా."

"ఏంది పవన్?"

"మధ్యాహ్నం దాటితే మంచిది కాదంటా ఉన్నాడు పంతులు. కరెంటు ఇప్పుడిప్పుడే రాదంట. జనరేటర్లో డీజిల్ కూడా అయిపోవస్తా ఉంది."

"వస్తా ఉన్నాం. నువ్వు పో."

"డీజిల్ తెప్పియ్యమను జ్యోతీ."

"తెప్పిచ్చి? ఎన్నాళ్ళు ఉంచుకుంటావమ్మా ఇట్ల?"

"వానలు పడేదాకా."

"అమ్మా!"

"ఊరికే అనడం లేదు. వానలు పడేదాకా చల్లగా ఉండనియ్యి. ఆ తర్వాత మీ ఇష్టం."

"నువ్వు ఎవరి మాటా వినవు గదా."

"వినను."

"నాయన చెప్తే వింటావా?"

"ఏంది?"

"జరుగు. నేనూ చెవి పెడతా."

"వద్దు జ్యోతీ. అద్దం చల్లగా ఉంది, చెవి నొప్పి పెడుతుంది."

"ఉండు. నాయనా, నేను జ్యోతిని."

"లే, చెప్తా ఉంటే. లేయ్."

"మాట్లాడొద్దు. వినపడతా ఉంది."

"ఏం వినపడతా ఉంది?"

"చలేస్తా ఉందంట."

"ఏందీ?"

"నాయనకు చలేస్తా ఉందంట. చానాసేపు ఉన్నా, ఇంక నావల్ల కాదు, తీయమని మీ అమ్మకు చెప్పు అంటా ఉన్నాడు."

"ఒట్టు పెట్టు."

"ఒట్టమ్మా."

"నా మీద పెట్టు."

"నీ మీదనా?"

"నా మీద. చెయ్యి తీయకుండా పెట్టు."

"నీ మీద ఒట్టు."

"అయితే నీకూ వినపడిందన్నమాట."

"అమ్మా, నేను..."

"నా ఒక్కదానికే అనుకున్నా. నిద్రలేక చెవులు హోరెత్తుతా ఉన్నాయేమో అనుకున్నా. నిన్న దీపాలు పెట్టే యాళ నుంచీ అదే మాట జ్యోతీ. చలేస్తా ఉంది రత్నం, చలేస్తా ఉంది రత్నం. వినపడనట్టు కూచున్నా. చల్లగా ఉండాలని అంత ఏడ్చిన మనిషి గదా, మెల్లగా అలవాటు పడతాడులే అనుకున్నా."

"అట్ల కాదమ్మా. నువ్వు లేస్తావని నేను ఊరికే..."

"భయపడాకు, మీ నాయనే గదా. పో, పవన్ను పిలువు. కట్టెలు పేర్చమను."

"మన్నులో పెట్టాల అంటివి గదా."

"అది నేను అన్న మాట. తెల్లారుజామున బీరువాలో ఉన్న ఉన్ని దుప్పటి తెచ్చి కప్పుతానని కూడా చెప్పి చూసినా. దుప్పటి చాలదంట."