అక్క విమానం ఎక్కిన రోజు

పన్నెండేళ్లుగా ట్రావెల్ ఆఫీసులో అందరికీ టికెట్లు రాసిచ్చి శుభప్రయాణం చెప్పే అక్కకి, ఏడాది పొడుగునా ఎండావానలుండే దేశానికి తన పేరనే టికెట్ పడింది. విమానాశ్రయం గుమ్మంలో చెల్లెలితో ఒకటే వాగుడు.

“అక్కడ రోజూ మధ్యాహ్నం కుండపోత. గొడుగు పెట్టెలో పైనే పెట్టాను.”

“ఇది పదోసారి చెప్పడం, అక్కా!”

“నూలు బట్టలే వేసుకోవాలి. సాయంత్రమైతే దోమల మందు రాసుకో. కొళాయి నీళ్లు తాగావో, చంపేస్తాను!”

“నేనా?”

“మరింకెవరు? పాస్‌పోర్టు ఇదిగో, భద్రం. దిగగానే ఫోన్ చెయ్యి. శుభప్రయాణం!”

పెట్టె చెల్లెలి చేతిలో పెట్టి, చెయ్యూపి, అక్క గబగబా బస్టాపు వైపు నడిచింది.

“అక్కోయ్! వెళ్లేది నువ్వే!”

“అమ్మో, నిజమే! అయితే ఆ ‘శుభప్రయాణం’ నువ్వు చెప్పవే. పన్నెండేళ్లలో నాతో ఎవరూ అనలేదు!”