గోపాల్ బాగు చేసిన ఫోను

సాయంత్రం అయిదు దాటిందంటే చెన్నూరు బస్టాండు ఎదురుగా ఉన్న లక్ష్మణ్ చాయ్ హోటల్లో గోపాల్ గొంతు వినపడాల్సిందే. వినపడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని జనం కనుక్కుంటారు. ఆ రోజు అతని పక్కన బావ అంతయ్య కూడా కూర్చున్నాడు. గోపాల్ అక్క భూమవ్వ మొగుడు. పత్తి చేను, ఇల్లు తప్ప మూడో చోటు ఎరగని మనిషి హోటల్‌కు రావడమే వింత. వచ్చినవాడు అందరికీ చాయ్ చెప్పి, గ్లాసు పట్టుకుని ఊరికే నవ్వుతున్నాడు.

నవ్వడా మరి! మధ్యాహ్నం మనుమరాలికి పేరు పెట్టారు. పిల్ల పుట్టి ఇరవై ఒక్క రోజులు. తండ్రి రాకేశ్ మస్కట్‌లో క్రేను నడుపుతాడు, బిడ్డను ఇంకా చేత్తో తాకలేదు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం తొట్టెలలో వేసేటప్పుడు పిల్ల చెవిలో పేరు పిలవాల్సింది మేనత్త. రాకేశ్‌కు అక్కచెల్లెళ్ళు లేరు. "ఇంకెవ్వలు పిలువద్దు బాపూ, వీడియో కాల్‌ల నేనే పిలుస్త" అని వారం ముందే మాట తీసుకున్నాడు. అన్నం తినే అరగంటే అతనికి ఖాళీ. తీరా ఫోను కలిస్తే కొడుకు బొమ్మ కనపడుతోంది, నోరు కదులుతోంది, మాట మాత్రం రావడం లేదు. చివరికి అంతా మంచిగానే జరిగింది. ఎలా జరిగిందో అంతయ్యకు బాగా తెలుసు. అయినా ఈ పూట ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనసు లేదు. బామ్మర్ది ఎన్ని కోతలు కోసుకున్నా కోసుకోనీ అనుకున్నాడు.

"గంతా నా చేతుల మీదనే అయింది," అని గోపాల్ మొదలుపెట్టాడు. "రాకేశ్ పెండ్లాం నవనీత పిల్లను ఒళ్లె పెట్టుకొని ఏడుస్తుంది. మా అక్క దేవునికి మొక్కుతుంది. గీ మా బావ అయితే నిలవడ్డకాడనే కట్టెలెక్క అయిండు. నేను ఫోన్ అందుకున్న. మొదలు సప్పుడు పెంచే గుండీ ఒత్తి చూసిన. నిండుగనే ఉంది."

ఎదుటి బెంచీ మీద సెల్‌ఫోన్ల దుకాణం అరుణ్‌కుమార్ ఉన్నాడు. "మ్యూట్ చూసినవా మామా?" అన్నాడు.

"చూడకుంట ఉంటనా? మ్యూట్ లేదు. బ్లూటూత్ చూసిన. పక్కింటోళ్ల పాటల డబ్బాకు తగులుకుందేమో అని బంద్ పెట్టిన. ఫోనే బంద్ చేసి మళ్ల చాలు చేసిన. రాకేశ్ మళ్ల కలిసిండు, మాట రాలే."

"ఇంతదాంక అయితే సరిగ్గనే చేసినవ్," అని అరుణ్‌కుమార్ మెచ్చుకున్నాడు. ఆ ఒక్క మెప్పుతో ఆగి ఉంటే గోపాల్ గోపాలే కాడు.

"ఇది సిగ్నల్ పని అని నాకు సమజైంది. దాబా ఎక్కిన. ఒక్క గీత పెరిగింది. నీళ్ల టాంకీ ఎక్కిన, రెండు గీతలు. గిట్లయితే కాదని సక్కగ పోయి సెల్ టవరే ఎక్కిన. ఏమనుకుంటున్నరు, చెప్పులతోని! కొసకు పోయి చూస్తే, అయ్యో, గా పలకల మీద జానెడు మందం బొగ్గు పొడి. మందమర్రి గనులల్ల లేసిన దుమ్మంత గాలికి వచ్చి ఆన్నే కూసుంది. మాట ఏడికెళ్లి వస్తది? భుజం మీద తువ్వాల తీసి బర్రెను తోమినట్టు తోమిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైందన్నా?" అన్నాడు లక్ష్మణ్, చాయ్ వడపోస్తూనే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం అతను.

"శ్రీరాంపూర్‌ల ఒకాయన బొమ్మ వీడియో కాల్‌ల మూడేండ్ల కింద నోరు తెరిచి ఆగిపోయిందట. గప్పుడు కదిలిండు! కదిలి, 'తిన్నవా?' అన్నడట. గా మాట మూడేండ్ల కిందిది."

బెంచీలు ఊగేలా నవ్వారు. అంతయ్య కూడా నవ్వాడు. మధ్యాహ్నం బిగుసుకుపోయిన గుండె ఇప్పుడిప్పుడే వదులవుతోంది. నవ్వు ఏ వంకతో వచ్చినా హాయిగానే ఉంది.

"మరి రాకేశ్ మాట?" అన్నాడు అరుణ్‌కుమార్.

"రాలే! గప్పుడు పైకి చూసిన. నెత్తి మీదికెళ్లి శాటిలైట్ పోతుంది. 'ఓయ్, జర ఆగు' అని తువ్వాల ఊపిన. ఆగింది. మొఖం చూస్తే బొంబాయి దిక్కు ఉంది. వెనుకట ఇంటి మీద డిష్ తిప్పలేదా, గట్లనే తువ్వాల కొస దాని కాలుకు ఏసి మస్కట్ దిక్కు తిప్పుదామని గుంజిన. నా చెయ్యి సంగతి మీకు ఎరుకే గద. జర ఎక్కువ గుంజిన. శాటిలైట్ కదల్లే. మస్కటే కదిలింది!"

"మస్కటా?" అన్నాడు లక్ష్మణ్. చాయ్ గ్లాసు దాటి బల్ల మీద పడింది.

"అబద్ధమైతే నా మీసం తీసేస్త. జరుక్కుంట జరుక్కుంట వచ్చి గోదారి అవతల ఆగింది. ఒంటెలు నీళ్లు తాగుతున్నయ్. అల్లుడు క్రేనుల కూసున్నడు, కండ్లార చూసిన. 'మామా!' అని కొక్కెం నా దిక్కు చాపిండు. నేను టవర్ మీదికెళ్లి చెయ్యి చాపిన. ఒక్క జానెడు తక్కువైంది. అందితే తొట్టెలకాడికే తెచ్చి దించుదును. గంతల భోజనం టైం అయిపాయె, గంట కొట్టిండ్రు. అల్లుడు ఒకటే మాట అన్నడు. 'మామా, నాతోని కాలే. నా బిడ్డ పేరు నువ్వే పిలువు' అన్నడు. నేను ఒక్క దునుకు దునికి ఇంట్ల పడ్డ. పిల్ల చెవిల పేరు పిలిచింది నేనే!"

అంతయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"గోపాలూ," అన్నాడు. గొంతు పెంచలేదు గాని నవ్వులన్నీ ఆగాయి. "టవర్ ఎక్కినవ్, మంచిది. మస్కట్‌ను గుంజినవ్, గది కూడ ఒప్పుకుంట. మళ్ల దాని జాగల పెట్టి రా. గని పేరు మాత్రం నా కొడుకే పిలిచిండు. గది నువ్వు తీసుకోకు."

గోపాల్ ఖాళీ చాయ్ గ్లాసునే మళ్ళీ నోటికెత్తుకున్నాడు.

అంతయ్య అరుణ్‌కుమార్ వైపు తిరిగాడు. "వీడు దాబా ఎక్కిన మాట నిజం. ఫోన్ పట్టుకొనే ఎక్కిండు. పైన నిలవడి 'గిప్పుడు వస్తుందా' అని మమ్ముల అడుగుతుండు. ఫోన్ వాని చేతుల ఉంటె కింద మాకేం వస్తది? పిల్ల తల్లికి కనవడే బొమ్మ కూడ లేకుంట చేసిండు. ఇరవై నిమిషాలు గిట్లనే పాయె. గప్పుడు మా ఇంటామె పైకి ఎక్కి, వీని చేతులకెళ్లి ఫోన్ గుంజుకొని, తిప్పి చూసింది. కింది అంచుకు మాట వచ్చే తూట్లు ఉంటయి సూడు, గవి పచ్చగ ఉన్నయ్."

"పచ్చగనా?"

"పసుపు ముద్ద. మీద కుంకుమ. ఎండి గట్టిగైంది. నవనీత పండ్లు తోమే కొత్త బ్రష్ తెచ్చి మెల్లగ రాల్చింది. రాల్చుడే ఆలస్యం, రాకేశ్ మాట ఇల్లంత నిండింది. 'సృజనా… సృజనా…' అని పిలుస్తనే ఉన్నడు. మాకు ఇనవడ్తలేదని వానికి ఎరుకే, ఒక్కటన్న పిల్ల చెవిల పడ్తదని ఆశ. ఫోన్ కలిసిన కాణ్ణుంచి పిలుస్తనే ఉన్నడు, గొంతు బొంగురువోయింది. నవనీత ఫోన్ పిల్ల చెవికాడ పెట్టింది. నిద్రల ఉన్న పిల్ల గా సప్పుడు దిక్కు మొఖం తిప్పింది." అంతయ్య తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. "నాకు ఇంకేం గావాలె చెప్పు."

అరుణ్‌కుమార్‌కు వృత్తి గుణం ఆగలేదు. "ఫోన్‌ల పసుపు ఎట్ల పోయిందే?"

"కొత్త ఫోను. గీ కాల్ కోసమే కొన్నం. పొద్దుగాల ఒకాయన వచ్చి, 'ట్రాక్టర్ కొంటే బొట్టు పెడ్తరు, మోటరుకు పెడ్తరు, దీనికి పెట్టరా? ఫోన్‌కు నోరు కింద ఉంటది, ఆన్నే దట్టంగ పెట్టాలె, మాట మంచిగ వస్తది' అని తన చేతులతోని పెట్టిండు." అంతయ్య బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవ్వలో మీరే అడుగున్రి."

హోటల్ కప్పు లేచిపోయేంత నవ్వు. లక్ష్మణ్ స్టవ్ తగ్గించి మరీ నవ్వాడు. గోపాల్ మీసం మీద చెయ్యి వేసుకుని, తను అన్న మాట గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. ఆ తర్వాత చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"బావా, ఒక్క మాట చెప్త, కోపం చెయ్యకు. మాట సక్కగ వస్తే అల్లుడు మూడుసార్లు పిలిచి, అయిపోయిందని ఫోన్ పెట్టేసేటోడు. గిప్పుడు ఎన్నిసార్లు పిలిచిండు?"

అంతయ్య తిట్టబోయాడు. కొడుకు మాట వినపడని ఆ ఇరవై నిమిషాలు గుర్తుకొచ్చాయి. అంతసేపూ వాడి నోట్లో ఉన్నది ఆ పిల్ల పేరొక్కటే.

"లక్ష్మణ్," అన్నాడు, "వీనికి ఇంకో చాయ్ పొయ్యి."