మూసుకున్న కళ్ళు, లేచిన చేతులు

ఏటమ్మా రెబెక్కా, మీ నాయనమ్మ దయామణి సర్పంచీ సంగతులా? కూకో. ఎనిమిదేళ్ళయింది మా వదిన పోయి. పొద్దున్నే జీడితోటలోంచి మంచు లేత్తంటే, తెల్లకోక కట్టుకుని ఆమే వత్తన్నాదేమో అనిపిత్తాది నాకు. ఇంతకీ ఏటడిగినావు? ఆఁ, బావి. ఆ బావినీళ్ళు కొబ్బరినీళ్ళకి సెల్లెలనుకో. ఆ నీళ్ళే పరీచ్చకని సీసాలకెత్తుకుపోయి, నెల పోయాక ఫణిశంకరనే ఇంజినీరొచ్చినాడు. "తాగితే రోగాలొస్తాయి, మూసెయ్యాలి, ఇదిగో ఆర్డరు" అన్నాడు. "ఊరి బావి బాబూ, ఊరినడగాల" అన్నాది వదిన. ఆయన నవ్వేడు. "నీళ్ళలో ఉన్నది ఓట్లేస్తే పోతుందా అమ్మా?" "పోదు బాబూ. గాని ఊరొప్పుకోకుండా మూసినావనుకో, నువ్వు టెక్కలి సేరేలోపు మూత తీసేత్తారు. నువ్వొచ్చి కాపలా కూకుంటావేటి?" ఆయన ఆర్డరు మడిసి జేబులో ఎట్టుకున్నాడు.

బడికాడ సభెట్టినాది. మన సంగంలో ఓటంటే తెలుసు గదా, ఒకడి మొకం ఒకడు సూసి సెయ్యెత్తకూడదని అందరం కళ్ళు మూసుకుంటాం, పాస్టరుగారొక్కరే తెరిసి లెక్కెడతారు. అదే పద్ధతి ఊరికీ పెట్టినాది. "ఇదేటి దయామణీ, మాకూ బాప్తిసమిచ్చేత్తావేటి?" అని గంగమ్మ ఒకటే నవ్వు. నవ్వుకుంటానే అందరూ మూసుకున్నారు. "మూసెయ్యాలన్నోళ్ళు సెయ్యెత్తండి" అన్నాది. అని, ఓలమ్మా, అలవాటు కొద్దీ తనూ కళ్ళు మూసేసుకున్నాది! మరి లెక్కెట్టీవోళ్ళేరీ? ఇంజినీరొక్కడే తెరుసుకున్నాడు. ఆయనా... నానూ. సిన్నప్పట్నుంచీ ప్రార్థనలో ఓరకంట సూసే గుణం నాది. సముద్రం గాలి మెల్లగా వత్తన్నాది, నూరుమంది కూకునే నిద్దరోయినట్టున్నారు, ఊరూరంతా ఒకే కల కంటన్నాదేమో అనిపించింది. సేతులెన్ని లేసినాయంటావు? తొమ్మిది. నాదీ లేవలేదు.

"ఎక్కువమంది మూసెయ్యమన్నారమ్మా" అన్నాడాయన. అంటానే నాకేసి తిరిగినాడు. నాను సూసినానని ఆయనకి తెలిసిపోయింది. గబుక్కున కళ్ళు మూసేసుకున్నాను.

మూత పడింది. ఒక్కడూ తియ్యలేదు సూడు! పక్కోడొప్పుకున్నాడు గదాని పతివోడూ ఊరుకున్నాడు, ట్యాంకరు నీళ్ళు తాగినాడు. "సూసినావా దాసూ, అడిగితే ఊరు అర్థం సేసుకుంటాది" అని వదిన ఎంత మురిసిపోయీదో. ఆ మొకం సూసి ఏటని సెప్పీది?

పోయే ముందురోజు పిలిపించినాది. గొంతు సన్నంగా, దూరంనుంచి వచ్చినట్టు. "ఆ దినం ఎన్ని సేతులు లేసినాయి దాసూ? నువ్వు ఎప్పుడూ సూత్తావు గదా" అన్నాది. నవ్వుతానే అన్నాది. ఆమెకి తెలుసో, తెలీదో.

ఏటన్నానా? నానా...

గాలి తిరిగినట్టుంది. ఆ సాప లోపలెయ్యమ్మా, వానొచ్చేలాగుంది.