వదిలేసిన బంతి

ఉత్తర ఫ్రాన్సులో ఒక బొగ్గుగనుల ఊరు. ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరు ముసలివాళ్లు చికోరీ కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇంటాయన ఒకప్పుడు పేరున్న ఫుట్‌బాల్ డిఫెండర్. ఏడాదిగా ఆయనకు మనుషులు గుర్తుండడం లేదు.

“మీరెవరండీ? గ్యాసు మీటరు చూడ్డానికొచ్చారా?”

“నన్ను ‘మీరు’ అనకు అన్నా. నీతో ఆడినవాణ్ణే. యాభై నాలుగులో ఆ సెమీఫైనల్ గుర్తుందా?”

“ఎందుకు లేదూ? చివరి నిమిషంలో బంతి సరిగ్గా నా తలమీదికే వచ్చింది. వదిలేశాను. గోలైపోయింది.”

“మొద్దులా నిలబడ్డాడని పేపర్లు తిట్టిపోశాయి. క్లబ్బువాళ్లు తీసేశారు. మళ్లీ గనిలోకి దిగావు.”

“పద్దెనిమిదేళ్లు దిగాను. ఈ దగ్గు అక్కడిదే.”

“అన్నా, ఇన్నాళ్లూ చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ రోజు గోల్‌కీపర్ ‘నాది’ అని అరిచాడు.”

“అరిచాడు. కీపర్ అలా అరిస్తే మనం తప్పుకోవాల్సిందేగా. తీరా బురదలో జారిపడ్డాడు పాపం.”

“నీకు వినబడిందా! మరి ఎవరూ అరవలేదని క్లబ్బులో ఎందుకు చెప్పావు?”

“ఎవరితోనూ అనకండి. వాడికి ఇరవయ్యేళ్లు. పెళ్లాం నిండు నెలల్లో ఉంది. నిజం చెబితే గనిలోకి వాడు దిగాలిగా.”

“అన్నా...”

“అదేంటండీ, ఏడుస్తున్నారు? కాఫీ చల్లారిపోతోంది, తాగండి. ఎక్కడైనా ఆ కీపర్ కాజిమిర్ కనబడితే ఒకసారి ఇంటికి రమ్మన్నానని చెప్పండి. ఎందుకో మరి, ఇన్నేళ్లలో ఒక్కసారీ మా గడప తొక్కలేదు వాడు.”